డిసెంబర్ 24 ఎవరిది?

భైంసాలో పండుగ సామాను ఎప్పుడు తేవాలో పత్తి చెప్తుంది. మొదటి ఏరుడు అయిపోయి, మార్కెట్ యార్డులో కాంటా పడి, చేతికి పైసలొస్తేనే కొత్త బట్టలు, కిరాణం, పిల్లల చెప్పులు. పత్తి ఆలస్యమైతే సేటు దగ్గర ఉద్దెర. దసరా, దీపావళి పంచాంగంలో ఏ తారీఖున పడ్డా, అవి ఇంట్లోకి ఎప్పుడొస్తాయో తేల్చేది జిన్నింగు మిల్లు ముందు నిలబడ్డ బండ్ల వరుసే. ఆ ఊళ్లో పెరిగి, ఇప్పుడు ఇంగ్లండ్ ఆగ్నేయ భాగంలో ఉన్న కెంట్ కౌంటీలో బతుకుతున్నాను. ఇక్కడ నవంబర్ సగం దాటిందంటే ఆఫీసులో, బస్సులో, బడి గేటు దగ్గర అందరి నోటా ఒకటే మాట: క్రిస్మస్ వంట సామాను ఎప్పుడు తెచ్చుకుంటున్నారు?

కొత్తగా వచ్చినవాళ్లకు ఇది రద్దీ తప్పించుకునే ఉపాయం గురించిన ముచ్చటలా వినిపిస్తుంది. ఇన్నేళ్లు ఈ దేశం చరిత్ర చదువుతూ, ఇక్కడి బజార్లలో తిరుగుతూ నాకు అర్థమైంది వేరు. పండుగ బజారుకు పోయే రోజును ఇక్కడ నాలుగు వందల ఏళ్లుగా మూడు సంగతులు నిర్ణయిస్తూ వచ్చాయి. చేతిలో పైసలు ఎప్పుడు పడతాయి, తెచ్చిన తిండి ఎన్నాళ్లు నిలవ ఉంటుంది, కొట్లో నిలబడి అమ్మే మనిషికి పండుగనాడు ఇంట్లో ఉండే హక్కు ఉందా. ఈ మూడింటినీ పట్టుకుని నడిస్తే బ్రిటన్ చరిత్ర రాజుల కోటల్లోంచి దిగి వంటింటి దాకా వస్తుంది.

ముందు ఇవాళ్టి చట్టం చెప్తాను. ఇంగ్లండ్, వేల్స్‌లలో 280 చదరపు మీటర్లకు మించిన దుకాణం డిసెంబర్ 25న తెరవకూడదు. 2004లో పార్లమెంటు చేసిన క్రిస్మస్ డే ట్రేడింగ్ చట్టం ఇది. పెద్ద సూపర్ మార్కెట్లన్నీ ఆ రోజు మూతపడతాయి. రైళ్లు దాదాపుగా నడవవు, లండన్‌లో సిటీ బస్సులూ తిరగవు. గల్లీ చివర చిన్న కొట్టు తెరిస్తే తెరిచినట్టు. కాబట్టి ఇంటిల్లిపాదికీ కావలసింది 24 సాయంత్రంలోగా గడప దాటి లోపలికి రావాలి.

ఇదే దేశంలో ఒకప్పుడు చట్టం దీనికి సరిగ్గా తలకిందులుగా ఉండేది. రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం జరిగిన కాలంలో ప్యూరిటన్లనే కఠిన నిష్ఠాపరులది పైచేయి అయింది. క్రిస్మస్‌కు బైబిల్లో ఆధారం లేదు, తిని తాగి చిందులేయడానికి అదొక సాకు అని వాళ్ల వాదన. 1647 జూన్‌లో పార్లమెంటు క్రిస్మస్, ఈస్టర్ పండుగలను రద్దు చేసింది. ఆ ఏడు డిసెంబర్ 25న మా కెంట్‌లోని కాంటర్‌బరీ పట్నంలో మేయర్ చాటింపు వేయించాడు. ఇది మామూలు రోజు, బజారు నడవాలి, దుకాణాలు తెరవాలి అని. కొద్దిమంది వ్యాపారులు తెరిచారు. జనం వాళ్ల సరుకు వీధిలోకి విసిరేశారు, మేయర్‌ను కింద పడేశారు, గుమ్మాలకు హాలీ అనే చెట్టు కొమ్మలు కట్టి పండుగ చేసుకున్నారు. తర్వాత సైన్యం వచ్చింది, అరెస్టులు జరిగాయి. 1648 మేలో ఆ గొడవ మీద విచారణ పెడితే, నేరం మోపడానికి కెంట్ జ్యూరీ ఒప్పుకోలేదు. అక్కడ రగులుకున్న కోపం ఆ కౌంటీ అంతా తిరుగుబాటుగా పాకి రెండో అంతర్యుద్ధంలో కలిసింది. 1660లో రాజరికం తిరిగి వచ్చాకే క్రిస్మస్ మళ్లీ చట్టబద్ధమైంది. పండుగనాడు కొట్టు తెరవాలా మూయాలా అన్న తగువు ఈ గడ్డ మీద కత్తుల దాకా పోయిందని తెలిశాక, సూపర్ మార్కెట్ తలుపు మీద అతికించే వేళల కాగితాన్ని నేను శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాను.

స్కాట్లండ్ కథ ఇంకా దీర్ఘం. అక్కడి చర్చి క్రిస్మస్‌ను ఎంత దూరం పెట్టిందంటే, 1958 వరకు డిసెంబర్ 25 అక్కడ సెలవు దినమే కాదు. ఫ్యాక్టరీలు నడిచేవి, కొట్లు తెరిచి ఉండేవి. స్కాట్లు పెద్ద పండుగ సామాను కొనేది కొత్త సంవత్సరానికి.

ఇక తిండి దగ్గరికి వద్దాం. ఫ్రిడ్జ్ లేని రోజుల్లో మాంసం చెడకుండా ఉండాలంటే ప్రాణంతోనే రావాలి. రాబిన్సన్ క్రూసో రాసిన డేనియల్ డెఫో 1724లో అచ్చయిన తన బ్రిటన్ యాత్రా గ్రంథంలో ఒక లెక్క చెప్పాడు. నార్ఫోక్, సఫోక్ ప్రాంతాల నుంచి లండన్‌కు టర్కీ కోళ్లను గుంపులుగా నడిపించుకుని పోయేవాళ్లు. స్టౌర్ నది మీది స్ట్రాట్‌ఫర్డ్ వంతెన ఒక్కదాని మీదుగా ఒక సీజన్లో 300 గుంపులు దాటాయని, గుంపుకు సగటున 500 వేసుకున్నా మొత్తం 1,50,000 పక్షులని అతని అంచనా. బాతులనూ అట్లాగే తోలేవాళ్లు. అవి ఆగస్టులో బయలుదేరేవి, ఎందుకంటే కోతలు అయిన చేలల్లో రాలిన గింజలు ఏరుకుంటూ పోవచ్చు. అక్టోబర్ చివరికల్లా ఆ నడక ఆపేయాలి, అప్పటికి వానలకు దారులు బురదై బాతు పాదం దిగబడిపోతుంది. అంటే లండన్ నగరం క్రిస్మస్ భోజనం ఆగస్టు ఎండలో, కోసిన పొలాల మీద మొదలయ్యేది. పండుగ దాకా వాటిని నగరం దగ్గర మేపి కొవ్వు పట్టించేవాళ్లు.

రెండోది క్రిస్మస్ పుడ్డింగ్. మన పాయసం, సేమ్యాలా పొద్దున చేసి మధ్యాహ్నం తినేది కాదు. ఎండుద్రాక్ష, రొట్టె పొడి, పిండి, గోవు కొవ్వు, బెల్లం రంగు చక్కెర, గుడ్లు, దాల్చినచెక్క, జాజికాయ, లవంగం, బ్రాందీ కలిపి గంటలకొద్దీ ఆవిరి మీద ఉడికిస్తారు. తర్వాత చల్లటి చోట వారాలపాటు ఊరనిస్తారు. చక్కెర, సారా ఎక్కువుండటం వల్ల చెడదు, ఊరేకొద్దీ రుచి పెరుగుతుంది. అందుకే దానికొక ముహూర్తం ఉంది. క్రిస్మస్‌కు ముందొచ్చే నాలుగు ఆదివారాల కాలాన్ని ఆడ్వెంట్ అంటారు. దానికి ముందటి ఆదివారం, అంటే నవంబర్ 20కీ 26కూ మధ్య, ఇంట్లో అందరూ తలా ఒక చేయి వేసి పుడ్డింగ్ పిండి కలపాలి. ఆ రోజుకు స్టిర్-అప్ సండే అని పేరు. కాబట్టి ఎండు సరుకుల బజారు నవంబర్ మూడో వారంలోనే అయిపోవాలి.

ఈ పుడ్డింగ్‌లో మన వాటా కూడా ఉంది, భైంసా పాఠకులు అది తెలుసుకోవాలి. 1926లో బ్రిటిష్ ప్రభుత్వం ఎంపైర్ మార్కెటింగ్ బోర్డు అనే సంస్థ పెట్టి, ప్రజలు సామ్రాజ్యంలో పండిన సరుకే కొనాలని ప్రచారం చేసింది. 1927లో రాజుగారి వంటవాడి చేత ఎంపైర్ క్రిస్మస్ పుడ్డింగ్ తయారీ విధానం రాయించి పత్రికల్లో వేయించింది. ఒక్కో దినుసు పక్కన అది రావలసిన దేశం పేరు. ఎండుద్రాక్ష ఆస్ట్రేలియాది, లవంగాలు జాంజిబార్‌వి, రమ్ము జమైకాది, మసాలా ఇండియాది. తెల్లవాడి పండుగ పళ్లెంలో ప్రపంచ పటం మొత్తం కూర్చుంది. మన నేల మీద పండిన దినుసు అంత దూరం పోయి వాళ్ల నవంబర్ బజారు జాబితాలో ఒక పంక్తి అయింది. దాన్ని పండించినవాడికి ఏ ధర దక్కిందో ఆ కాగితం మీద రాయలేదు.

నేను అన్నింటికన్నా ఎక్కువసేపు నిలబడి చూసిన అధ్యాయం కూలివాళ్లది. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్ కార్మికుడికి జీతం వారానికోసారి, చాలాచోట్ల శనివారం సాయంత్రం. ఆ రాత్రే బజారు. లండన్ పేదల బతుకులను 1851లో గ్రంథంగా తెచ్చిన హెన్రీ మేహ్యూ, గ్యాసు దీపాల కింద అర్ధరాత్రి దాకా కిటకిటలాడే శనివారపు అంగళ్లను వర్ణించాడు. ఆదివారం కొట్లు మూత, మాంసం నిలవ ఉండదు. అందుకని పొద్దుపోయేకొద్దీ కసాయి ధర దించేవాడు. పేదింటి ఇల్లాలు ఆ దించిన ధర కోసమే చలిలో కాచుకుని ఉండేది. క్రిస్మస్ ముందు రాత్రీ అంతే. ఉన్నవాడు ముందే మంచి పక్షిని చెప్పి పెట్టుకునేవాడు, లేనివాడికి చివరి గంటే దిక్కు. లండన్ స్మిత్‌ఫీల్డ్ మాంసం మార్కెట్‌లో డిసెంబర్ 24 పొద్దున మిగిలిన మాంసాన్ని వేలం వేసే ఆనవాయితీ మన కాలం దాకా నడిచింది.

చివరి గంట కోసం కాచుకోవడం ఇష్టం లేని కార్మికులు మరో దారి కనిపెట్టారు. దాని పేరు గూస్ క్లబ్. సారాకొట్టు యజమాని దగ్గరో, పేటలోని దుకాణదారు దగ్గరో వారం వారం కొన్ని పెన్నీలు కడుతూ పోతే క్రిస్మస్‌కు ఒక బాతు చేతికొచ్చేది. కానన్ డాయిల్ రాసిన షెర్లాక్ హోమ్స్ కథల్లో 1892 నాటి నీలమణి కథ మొత్తం అలాంటి క్లబ్బు బాతు చుట్టూనే తిరుగుతుంది. అంటే పాఠకులందరికీ అది అంత తెలిసిన సంగతి. బాతు వచ్చాక దాన్ని వండటానికి పేదల ఇళ్లలో పెద్ద పొయ్యి ఉండేది కాదు. రొట్టెల బట్టీవాడి దగ్గరికి మోసుకుపోయి కాల్పించుకునేవాళ్లు. 1843 డిసెంబర్‌లో వచ్చిన డికెన్స్ క్రిస్మస్ కథలో గుమాస్తా క్రాచిట్ ఇంటి బాతు అట్లాగే కాలింది. పిసినారి స్క్రూజ్ మనసు మారి టర్కీ కొనిపించింది క్రిస్మస్ పొద్దున. అంటే అప్పటికి ఆ పూట కూడా కోళ్ల కొట్టు తెరిచి ఉండటం పాఠకులకు వింతగా తోచలేదు.

ఆ పుస్తకం వచ్చిన మరుసటి ఏడు, 1844 డిసెంబర్ 21న, మాంచెస్టర్ దగ్గరి రోచ్‌డేల్ ఊళ్లో ప్రపంచ చరిత్రలో నిలిచే ఒక కొట్టు తెరుచుకుంది. 28 మంది సభ్యులు, వాళ్లలో పలువురు నేతగాళ్లు, 28 పౌండ్లు పోగేసి టోడ్ లేన్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నారు. అమ్మిన సరుకు వెన్న, చక్కెర, పిండి, ఓట్స్ పిండి, కొవ్వొత్తులు. క్రిస్మస్‌కు సరిగ్గా నాలుగు రోజుల ముందు. అప్పటి వ్యాపారులు పిండిలో సుద్ద కలిపేవాళ్లు, తూకం కోసేవాళ్లు, ఉద్దెరిచ్చి మనిషిని కట్టిపడేసేవాళ్లు. రోచ్‌డేల్ వాళ్లు కల్తీ లేదు, దొంగ తూకం లేదు, రొక్కమే అన్నారు. మిగిలిన లాభాన్ని కొన్నవాళ్లకే, కొన్నదాన్ని బట్టి పంచారు. ఈ పంపకం బ్రిటన్ కార్మికుల ఇళ్లలో తరతరాలుగా పెద్ద ఖర్చులకు ఆదుకుంది. మన దగ్గర నడిచే సహకార సంఘాల నియమాలకు మూలం ఆ చిన్న గదిలోనే ఉంది. సేటు ఉద్దెర పుస్తకంలో ఇంటి పేరు చూసినవాళ్లెవరికైనా ఆ నేతగాళ్లు పరాయివాళ్లుగా తోచరు.

ముందుగా కట్టిన డబ్బుకు ప్రమాదం కూడా ఉంటుంది, అదీ చెప్పాలి. 2006 అక్టోబర్‌లో ఫేర్‌పాక్ అనే క్రిస్మస్ పొదుపు కంపెనీ కుప్పకూలింది. ఏడాది పొడుగునా నెలనెలా కట్టిన లక్షకు పైగా కుటుంబాలు పండుగ ముంగిట ఖాళీ చేతులతో మిగిలాయి. ఎక్కువమంది తక్కువ జీతాల తల్లులు. బ్యాంకులో దాచుకున్న డబ్బుకున్న రక్షణ ఆ పొదుపుకు లేదని అప్పుడు దేశానికి తెలిసొచ్చింది. మన చిట్టీలు మునిగినప్పుడు ఏడ్చిన ఆడవాళ్ల గొంతే నాకు ఆ వార్తల్లో వినిపించింది.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు బజారు రోజును ప్రభుత్వమే రాసిచ్చింది. 1940 జనవరి 8న బేకన్ అనే ఉప్పు పంది మాంసం, వెన్న, చక్కెర మీద రేషన్ మొదలైంది. తర్వాత మాంసం, టీ, చీజ్ చేరాయి. ప్రతి కుటుంబం ఒక దుకాణంలో పేరు నమోదు చేయించుకుని పుస్తకంలోని కూపన్‌తో అక్కడే కొనాలి. మనిషికి వారానికి దొరికే టీ ఆకు రెండు ఔన్సులు, అంటే 57 గ్రాములు. పుడ్డింగ్‌కు కావలసిన ఎండుపండ్లను నెలల ముందు నుంచి గుప్పెడు గుప్పెడు కూడబెట్టేవాళ్లు. తీపి చాలకపోతే క్యారెట్ తురిమి వేసేవాళ్లు, గుడ్లకు బదులు అమెరికా నుంచి వచ్చిన గుడ్ల పొడి. కోడి మాంసానికి రేషన్ లేదు గానీ దొరికేదీ కాదు. యుద్ధం 1945లో ముగిసినా రేషన్ ముగియలేదు. మాంసం మీద ఆంక్ష తొలగింది 1954 జూలై 4న. పద్నాలుగు క్రిస్మస్‌లు కూపన్ పుస్తకంతో గడిచాయి. ఇక్కడి ముసలివాళ్లు నవంబర్‌లోనే డబ్బాలు కొని అరలో పేర్చుకోవడం చూసి నవ్వే కుర్రకారును నేను ఊరుకోను. ఆ అలవాటు వెనుక ఆకలి ఉంది.

తిండిని నిలవ ఉంచే పనిలోకి యంత్రం కూడా దిగింది. 1882లో డునెడిన్ అనే ఓడ న్యూజిలండ్ నుంచి గడ్డకట్టిన మాంసాన్ని లండన్‌కు చేర్చడంతో దూరం సమస్య తీరింది. ఇళ్లలోకి ఫ్రిడ్జ్ రావడానికి మాత్రం ఇంకా చాలా కాలం పట్టింది. 1950ల చివర్లో కూడా ఎక్కువ ఇళ్లలో అది లేదు. చల్లటి రాతి అర ఉన్న చిన్న గదే అప్పటి ఫ్రిడ్జ్. నార్ఫోక్‌లో బెర్నార్డ్ మాథ్యూస్ అనే యువకుడు 1950లో 20 టర్కీ గుడ్లతో మొదలుపెట్టిన వ్యాపారం పెరిగి పెద్దదై, ఒకప్పుడు కలవాళ్ల తిండి అయిన టర్కీని సామాన్యుడి ధరకు తెచ్చింది. గడ్డకట్టిన పక్షిని నవంబర్‌లోనే కొని పెట్టుకోవచ్చు. కాకపోతే దానికి వేరే లెక్కుంది. ఫ్రిడ్జ్‌లో కిలోకు 10 నుంచి 12 గంటలు కరగనివ్వాలి. అయిదు కిలోల పక్షికి రెండు రోజులు దాటుతుంది, కాబట్టి 22వ తారీఖునే ఫ్రీజర్ లోంచి తీయాలి. లోపల మంచు ఉండగా కాలిస్తే పైన మాడుతుంది, లోపల పచ్చిగా ఉండి జబ్బు చేస్తుంది.

పైసల సంగతీ, నిలవ సంగతీ అయ్యాయి. మిగిలింది కొట్లో నిలబడే మనిషి. విక్టోరియా కాలంలో దుకాణంలో పనిచేసే పిల్లలు, ఆడవాళ్లు రోజుకు పద్నాలుగు గంటలదాకా నిలబడే ఉండేవాళ్లు, క్రిస్మస్ వారంలో ఇంకా ఎక్కువ. 1842లో లండన్ బట్టల కొట్ల ఉద్యోగులు మొదలుపెట్టిన ఉద్యమం, సాయంత్రం త్వరగా మూయండని కొనేవాళ్లనే వేడుకుంది. మీరు పెందలాడే కొంటే మేం ఇంటికి పోతాం అని దాని సారాంశం. 1911 చట్టంతో వారానికి ఒక సగం రోజు సెలవు దక్కింది. 1986లో మార్గరెట్ థాచర్ ఆదివారం దుకాణాల మీది ఆంక్షలన్నీ ఎత్తేయాలని బిల్లు తెస్తే చర్చిలూ, దుకాణ కార్మికుల సంఘమైన ఉస్డా కూడా కలిసి ఎదిరించాయి. సొంత పార్టీ సభ్యులే తిరగబడి 296కు 282 ఓట్లతో ఆ బిల్లు ఓడిపోయింది. 1994లో రాజీ కుదిరింది, ఆదివారం పెద్ద దుకాణాలు ఆరు గంటలే తెరవాలని. అందుకే 2023లో డిసెంబర్ 24 ఆదివారం వచ్చినప్పుడు పెద్ద కొట్లలో ఆఖరి బజారు ఆరు గంటల్లో ముగిసింది. 2028లో మళ్లీ అట్లాగే వస్తుంది. క్రిస్మస్ నాడు కూడా పెద్ద సంస్థలు తలుపులు తీస్తాయన్న భయంతో ఉస్డా పోరాడితే 2004 చట్టం వచ్చింది. 1647లో జనం వీధికెక్కి అడిగినదాన్ని మూడున్నర శతాబ్దాల తర్వాత కార్మికులు ఓట్లతో సాధించారు. నా మటుకు ఇది ఈ దేశం గర్వపడదగ్గ చట్టాల్లో ఒకటి.

డిసెంబర్ 26 కూడా ఈ కథలో భాగమే. పండుగనాడు యజమానుల ఇంట్లో వడ్డించిన పనివాళ్లకు మర్నాడు సెలవూ, కానుకల పెట్టె కూడా ఇచ్చి పంపడం పాత ఆనవాయితీ. 1871 చట్టం ఆ రోజును సెలవుగా రాసింది. మన తెలంగాణలో క్రిస్మస్ మరునాడు సర్కారీ సెలవు ఉంటుంది కదా, దాని వేరు అక్కడుంది. కరువు రోజుల్లో కూలికి తిండి పెట్టి కట్టించిన మెదక్ చర్చి 1924 డిసెంబర్ 25న తెరుచుకున్నప్పటి నుంచి ఉత్తర తెలంగాణకు ఈ పండుగ పరాయిది కాదు.

ఈ ముచ్చటంతా ఇప్పుడెందుకంటే, నిర్మల్, నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల నుంచి చదువుకు వచ్చిన మన పిల్లలు ఎంతోమంది డిసెంబర్‌లో ఇక్కడి సూపర్ మార్కెట్ల గల్లా దగ్గరా, గోదాముల్లో రాత్రి షిఫ్టుల్లోనూ ఉంటారు. స్టూడెంట్ వీసా మీద చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పని, సెలవుల్లో పూర్తిగా చేసుకోవచ్చు. ఫీజుల అప్పు తీర్చడానికి వాళ్లకు దొరికే అదను ఈ మూడు వారాలు. 23 రాత్రి అరలు నింపేది, 24 సాయంత్రం చివరి గిరాకీని సాగనంపేది వాళ్లే. పండుగ బజారు ఎప్పుడు చేయాలన్న ప్రశ్న ఇప్పుడు మన ఇళ్లదాకా వచ్చింది.

కొత్తగా వచ్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేను చెప్పేది ఇది. ఎండు సరుకు, మసాలా, డబ్బాలు నవంబర్ చివరికి కొనండి. అప్పుడే ఫుడ్ బ్యాంక్ పెట్టెలో కూడా ఏదైనా వేయండి, డిసెంబర్ చివర వేస్తే అది పంచేసరికి పండుగ దాటిపోతుంది. పచ్చి మాంసం కావాలంటే డిసెంబర్ మొదట్లోనే కసాయికి చెప్పి పెట్టుకోండి. ఆలుగడ్డ, క్యారెట్, ఉల్లిగడ్డ 20 నాటికి తెస్తే బాగా నిలుస్తాయి. పాలు, ఆకుకూర, రొట్టె 22 పొద్దున. పొదుపు క్లబ్బులో కట్టేముందు ఆ డబ్బుకు రక్షణ ఏమిటో అడగండి.

అయితే జీతం ముందే పడి, ఇంట్లో ఫ్రీజర్ ఉండి, సరుకు మోయడానికి కారున్నవాళ్లకే ఈ పద్ధతి సాగుతుంది. అవి లేనివాళ్లు ఈ దేశంలో ఇప్పటికీ ఉన్నారు. 24 మధ్యాహ్నం చేతికి కూలి అందినవాళ్లు, పసుపు చీటీ అతికించి ధర దించిన మాంసం కోసం తిరిగేవాళ్లు, అప్పుడే షిఫ్టు దిగి తమ ఇంటికి కొనుక్కునేవాళ్లు. మేహ్యూ చూసిన ఇల్లాలి వారసులు వాళ్లు. చేతిలో వెసులుబాటు ఉన్న మనం 22 కల్లా బజారు ముగించి, డిసెంబర్ 24ను వాళ్లకు వదిలిపెట్టాలి. వరుస చిన్నదైతే వాళ్లకు కావలసింది దొరుకుతుంది, గల్లా దగ్గర నిలబడ్డ మన ఊరి పిల్ల ఒక గంట ముందు ఇంటికి పోతుంది.